గాలి పడవకు ఏ లంగరు కొనాలి?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి గట్టు మీది ఊరు. గేలం వేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. రిటైరయ్యాక మా అబ్బాయి గాలి నింపుకునే పడవ కొనిచ్చాడు. మూడు మీటర్ల పొడవు, వెనక చెక్క పలక, దానికి చిన్న మోటారు. నేనూ మా తోడల్లుడూ పండుగప్ప కోసం నరసాపురం రేవు నుంచి కిందికి వెళ్తుంటాం. పడవతో పాటు కిలోన్నర మడత లంగరు, పది మీటర్ల సన్న తాడు ఇచ్చారు. ఎన్నిసార్లు వేసినా అది నిలవడం లేదు. పాటు వేళ మూడు మీటర్ల లోతున్న చోట కూడా పడవ జారిపోతోంది. రేవులో ఒకాయన పెయింటు డబ్బాలో సిమెంటు పోసి కట్టుకోమన్నాడు. మా అబ్బాయేమో ఆన్‌లైన్‌లో ఐదు కిలోల లంగరు చూసి పెట్టాడు. అంత ఇనుము పడవలో పెట్టుకుంటే ట్యూబులు చిరుగుతాయని మా ఆవిడకు టెన్షన్. అసలు మాకు ఎన్ని కిలోల లంగరు కావాలి? ఏ రకం కొనాలి?

జవాబు: లంగరు రకం గురించి చెబుతాను గానీ, ముందు మీ తాడు సంగతి చూద్దాం. మీ పడవ జారిపోవడానికి లంగరు బరువు కంటే ఆ పది మీటర్ల తాడే పెద్ద కారణం. ఐదు కిలోల లంగరు కొని అదే తాడుకు కట్టినా మళ్ళీ జారుతుంది.

చిన్న పడవల లంగరు తన బరువుతో పడవను ఆపదు. అడుగున ఉన్న మట్టిలోకో ఇసుకలోకో దిగబడి ఆపుతుంది. నాగలి కర్రు ఎలా దిగుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే. నేల వెంబడి లాగితే లోపలికి పోతుంది, మేడి పట్టి పైకెత్తితే ఊడి వచ్చేస్తుంది. కాబట్టి తాడు లంగరును ఎంత అడ్డంగా లాగితే పట్టు అంత గట్టిగా ఉంటుంది. అలా అడ్డంగా లాగాలంటే లోతు కంటే తాడు చాలా పొడవుండాలి.

మీ లెక్కే చూడండి. పాటు వేళ మూడు మీటర్లు అన్నారు. పోటెక్కితే ఇంకో మీటరు చేరిందనుకుందాం, నాలుగు. పడవ ముందు తాడు కట్టే రింగు నీటికి అర మీటరు ఎత్తులో ఉంటుంది. దాన్నీ కలపాలి, చాలామంది ఇది మరిచిపోతారు. మొత్తం నాలుగున్నర మీటర్లు. మీ తాడు పది మీటర్లు, అంటే రెండింతల కంటే కాస్త ఎక్కువ. పూర్తిగా బిగిసినప్పుడు ఆ తాడు అడుగుతో సుమారు 27 డిగ్రీల కోణంలో ఉంటుంది. ఆ కోణంలో లాగితే లంగరు దిగబడదు, పైపైన దున్నుకుంటూ వచ్చేస్తుంది. అదే ఐదింతల తాడు వదిలితే కోణం 12 డిగ్రీల లోపుకు వస్తుంది. ఏడింతలు వదిలితే 8 డిగ్రీలే. గాలి లేని పూట, మనిషి పడవలోనే మెలకువగా ఉండి కాసేపు ఆగాలంటే మూడింతలతో సరిపెట్టుకోవచ్చు. మామూలుగా ఐదింతలు, గాలి లేచినా నీటి వడి పెరిగినా ఏడింతలు. మీ నాలుగున్నర మీటర్లకు ఏడింతలంటే 31 మీటర్ల పైచిలుకు. అందుకే 30 మీటర్ల తాడు, దాని చివర 2 మీటర్ల గొలుసు తీసుకోండి. చేతిలో డబ్బు కొంచెమే ఉండి ఒక్కటే కొనగలిగితే, లంగరు తర్వాత చూసుకుని ముందు ఈ తాడూ గొలుసూ కొనమంటాను.

ఇక సిమెంటు డబ్బా. అది చెప్పిన ఆయన అనుభవం మీదే చెప్పి ఉంటారు. నీళ్ళు కదలని చోట, గాలి తగలని బోదెలో అది పనిచేస్తుంది. పోటూ పాటూ లాగే గోదావరి పాయలో పనిచేయదు. నీళ్ళలో మునిగితే సిమెంటు కాంక్రీటు బరువు నలభై శాతం పైనే తగ్గిపోతుంది. పది కిలోల దిమ్మ అడుగుకు చేరేసరికి ఆరు కిలోల లోపే. ఇనుము ఎనిమిదో వంతు మాత్రమే కోల్పోతుంది. పైగా దిమ్మ మట్టిలోకి దిగదు, బురద మీద జారుతుంది. పైకి తీసేటప్పుడు మాత్రం ఆ పది కిలోలూ మీ నడుం మీదే పడతాయి. డబ్బా రేకు అంచు ట్యూబుకు గీసుకుంటే ఏమవుతుందో మీ ఇంటావిడకు ముందే తెలుసు, ఆవిడ భయం నిజమైన భయమే.

ఐదు కిలోల లంగరు కూడా మీకు అక్కర్లేదు. పడవ, మోటారు, మీరిద్దరూ, గేలాలు, ఐసుపెట్టె అన్నీ కలిపినా మూడు వందల కిలోలు దాటవు. సరైన రకం అయితే రెండు, రెండున్నర కిలోలు చాలు.

మీ దగ్గరున్న మడత లంగరు నాలుగు కొమ్ములది. అది రాళ్ళ సందులో, చెట్ల వేళ్ళలో తగులుకుని పట్టే రకం. గాలి పడవలతో దాన్నే ఎక్కువగా ఇవ్వడానికి కారణం, మడిస్తే సంచిలో పడుతుంది, కొసలు లోపలికి ముడుచుకుంటాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో రాతి అడుగు మీద వాడేవాళ్ళకు అది బాగానే ఉంటుంది. మీ దగ్గర అడుగంతా ఒండ్రు, ఇసుక. సన్నటి ఆ కొమ్ములు మెత్తటి బురదలో గీతలు గీసుకుంటూ పోతాయి తప్ప నిలవవు.

మీకు కావాల్సింది డాన్‌ఫోర్త్ రకం. పొడవాటి కాడ, దాని మొదట్లో మడత బందు, ఆ బందుకు రెండు వెడల్పాటి పదునైన రేకులు, అడ్డంగా ఒక కడ్డీ. అడుగున పడగానే రేకులు ఏ వైపు నేల ఉంటే ఆ వైపు వాలతాయి, లాగితే పాతుకుపోతాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి రిచర్డ్ డాన్‌ఫోర్త్ అనే అమెరికన్ దీన్ని తయారుచేశాడు. సైనికుల్ని ఒడ్డున దించే పడవలు తిరిగి నీళ్ళలోకి వెళ్ళడానికి ఈ లంగరును పట్టుకుని తమను తాము లాక్కునేవి. ఇసుకలో, కాస్త గట్టి బురదలో దీని బరువుకు ఇది ఇచ్చే పట్టు చాలా ఎక్కువ. పడుకోబెడితే పలచగా ఉంటుంది కాబట్టి చిన్న పడవలో చోటు కూడా తినదు.

దీనికీ లోపాలున్నాయి, మీ చోట అవి లెక్కలోకి వస్తాయి. మొదటిది, రాయి మీదా దట్టమైన నాచు మీదా దిగబడదు. రెండోది ఇంకా ముఖ్యం. పోటు పాటుగా మారినప్పుడు నీళ్ళు ఎదురు దిక్కుకు లాగుతాయి, పడవ చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్తుంది. అప్పుడు లంగరు ఊడి, తిరగబడి, మళ్ళీ పాతుకోవాలి. ఆ సమయంలో ఆల్చిప్పో కట్టెపుల్లో రేకుల బందులో ఇరుక్కుంటే అది ఇక దిగబడదు. అందుకని నీళ్ళు నిలబడినట్టు అనిపించే ఆ కాసేపట్లోనే లంగరు ఎత్తి, కడిగి, కొత్తగా వేసుకోండి. పోటు తిరిగే వేళ మీ రేవులో ఎవరిని అడిగినా చెబుతారు. చేపలు బాగా తగులుతున్నాయని ఆ పని వాయిదా వేయవద్దు.

అల్యూమినియంతో చేసిన ఇదే రకం ఇంకా తేలిక. బాగుంటుంది, కానీ వడి ఉన్న నీళ్ళలో వదిలితే అడుగుకు చేరకుండా వాలుకు కొట్టుకుపోతుంటుంది. గొలుసు లేకుండా దాన్ని కొనవద్దు. ఖరీదు కూడా ఎక్కువే. మీకు జింకు పూత పూసిన ఉక్కుది చాలు. నాగలి ఆకారపువి, గోళ్ళ ఆకారపువి కూడా దొరుకుతాయి. పోటు తిరిగినప్పుడు అవి బాగా సర్దుకుంటాయి గానీ, రెండు మూడు కిలోల సైజులో మెత్తటి ఇసుకలో అంత పట్టు ఇవ్వవు. పుట్టగొడుగు ఆకారపువి నిలవ నీటి చెరువులకు పనికొస్తాయి, మీకు వద్దు.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి. కాడ పట్టుకుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంచితే రేకులు వాటంతటవే ఊగి వాలాలి. పట్టేసినట్టు ఉంటే ఆ పీసు వద్దు. అడ్డ కడ్డీ దగ్గర వెల్డింగు నిండుగా ఉందో లేదో వేలితో తడమండి. ఆ కడ్డీ రెండు కొసలే ట్యూబుకు ముప్పు. నీళ్ళ పైపు ముక్క కోసి ఆ కొసలకు తొడిగి తీగతో బిగించండి. మీ ఊరి వెల్డరు చేత ఇలాంటిది చేయించుకోవచ్చు కదా అనిపించవచ్చు. నాలుగు కొమ్ములదైతే సరే, వాళ్ళు చక్కగా చేస్తారు. ఇందులో మాత్రం రేకులు తెరుచుకునే కోణం మీదే పట్టు ఆధారపడుతుంది, సుమారు 32 డిగ్రీలు. అది తప్పితే చూడ్డానికి లంగరులాగే ఉంటుంది గానీ పట్టదు. దీన్ని కొనుక్కోవడమే మంచిది.

గొలుసు 6 మిల్లీమీటర్లది, 2 మీటర్లు. బరువు కిలోన్నర పైచిలుకు ఉంటుంది. అది అడుగున పడి లంగరు కాడను నేలకు అదిమి ఉంచుతుంది. ఆల్చిప్పల అంచులు తాడును బ్లేడులా కోస్తాయి, గొలుసుకు ఏమీ కాదు. గొలుసును లంగరుకు తగిలించే షాకిల్ (U ఆకారపు ఇనుప కొండీ) పిన్నును బిగించి, సన్న తీగతో చుట్టి కట్టేయండి. లేకపోతే కదలికకు మర సడలి పిన్ను రాలిపోతుంది, లంగరు గోదారి పాలవుతుంది.

తాడు నైలాన్‌దే కావాలి. మూడు పోగులు పేనినది, 8 మిల్లీమీటర్లది చాలు. కొత్తదైతే టన్ను పైనే బరువు ఆపుతుంది. పట్టుకోవడానికి చేతికి సుఖంగా ఉండాలంటే 10 తీసుకోండి. నైలాన్ సాగుతుంది, అల కొట్టినప్పుడు కుదుపును తను మింగేస్తుంది. తేలికపాటి గాలి పడవకు ఇది చాలా అవసరం, ఎందుకంటే అది ప్రతి అలకూ ఎగిరెగిరి తాడును గుంజుతుంది. వలల షాపులో మెరుస్తూ కనిపించే తేలే ప్లాస్టిక్ తాడు చవకే. అది నీటిపైన వదులుగా తేలుతుంది, మీ మోటారు ఫ్యానుకో పక్క పడవ ఫ్యానుకో చుట్టుకుంటుంది. ఎండకు పెళుసెక్కుతుంది కూడా. కొన్నాక ప్రతి ఐదు మీటర్లకు ఒక రంగు దారం గుచ్చి ముడి వేసుకోండి. ఎంత తాడు వదిలారో చూడగానే తెలియాలి.

ఇప్పుడు ఒక మాట మనసుపెట్టి వినండి. లంగరు తాడు ఎప్పుడూ పడవ అణియానికే, అంటే ముందు కొసకే కట్టాలి. కూర్చున్న చోటికి అందుబాటులో ఉంటుందని వెనక పలకకు గానీ, తెడ్డు రింగుకు గానీ కట్టవద్దు. మీ పడవలో అన్నిటికంటే తక్కువ ఎత్తున్నది వెనక పలకే. మోటారు బరువు అక్కడే, సాధారణంగా మనిషి బరువూ అక్కడే. వెనక నుంచి లంగరు పట్టి ఉంచితే, పాటు వడి పెరిగినప్పుడు నీళ్ళు నేరుగా ఆ పలక మీద నుంచి లోపలికి వస్తాయి. పక్కకు కడితే వడికి పడవ అడ్డం తిరుగుతుంది. ఇవి నిమిషాల్లో ప్రాణం మీదికి వచ్చే తప్పులు.

ముందు కొసన కూడా ఏ రింగుకు కడుతున్నారో చూసుకోండి. గాలి పడవ రింగులు అతికించిన బిళ్ళల మీద ఉంటాయి. బిళ్ళ మీదుగా, దాని తలం వెంబడి లాగితే ఆ అతుకు చాలా బరువు మోస్తుంది. తలానికి నిలువుగా లాగితే మాత్రం స్టిక్కరు ఊడినట్టు అంచు నుంచి లేచిపోతుంది. ముందు భాగంలో కుడి ఎడమల రెండు రింగులుంటే, రెండింటినీ కలుపుతూ మీటరున్నర తాడు వదులుగా కట్టి, దాని మధ్యలో లంగరు తాడు తగిలించండి. బరువు రెండు బిళ్ళల మీదికీ పంచుకుంటుంది, పడవ అటూ ఇటూ ఊగడం కూడా తగ్గుతుంది.

వేసేటప్పుడు లంగరును విసరవద్దు. గాలి పడవలో నిలబడి ఏదీ విసరకూడదు. తాడు రెండో కొస పడవకు కట్టి ఉందో లేదో ముందు చూసుకోండి. ఆగాలనుకున్న చోటికి ఇరవై పాతిక మీటర్లు ఎగువకు, నీళ్ళు వస్తున్న వైపుకు వెళ్ళి మోటారు ఆపండి. ఒకరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని లంగరును చేతిలో నుంచి మెల్లగా దించాలి. అడుగు తగిలింది చేతికి తెలుస్తుంది, తాడు వదులవుతుంది. అప్పుడు పడవను నీటి వాలుకు పోనిస్తూ తాడు వదలండి. కుప్పగా వదలవద్దు, గొలుసు లంగరు మీదే పడి చుట్టుకుంటుంది. కావలసినంత పోయాక కట్టి, తాడు మీద అరచేయి ఆనించి ఉంచండి. లంగరు పట్టితే తాడు బిగిసి ఒకే తీరుగా ఉంటుంది. ఈడ్చుకొస్తుంటే గరగరమని అదురు చేతికి అందుతుంది. తర్వాత గట్టు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి, ముందు ఒక కొబ్బరిచెట్టు, వెనక ఒక గుడి గోపురం లాంటివి. ఆ రెండూ విడిపోతూ వస్తుంటే మీరు జారుతున్నట్టే. చిన్నపాటి ఊగిసలాటకు కంగారుపడకండి, గాలి పడవ లంగరు మీద ఎప్పుడూ కొంత ఊగుతుంది.

ఎత్తేటప్పుడు కూర్చున్న చోటి నుంచి బలం కొద్దీ లాగవద్దు. తాడు పోగేసుకుంటూ పడవ సరిగ్గా లంగరు పైకి వచ్చేదాకా వెళ్ళి, అప్పుడు నిటారుగా లాగండి, తేలిగ్గా ఊడి వస్తుంది. ఏ మొద్దుకో పాత వలకో తగులుకుని రాకపోతే పడవ అంచు నీళ్ళలోకి కుంగేదాకా లాగే పని పెట్టుకోవద్దు. ముందు భాగంలో చేతికందే చోట, ఒరలో, మంచి కత్తి ఒకటి ఎప్పుడూ ఉండాలి. వడి పెరిగి పడవ ముందు కొస కుంగుతున్నా, పెద్ద పడవ మీదికి వస్తున్నా ఆలోచించకుండా తాడు కోసేయండి. లంగరు మళ్ళీ కొనుక్కోవచ్చు. లైఫ్ జాకెట్లు ఇద్దరూ తొడుక్కునే ఉండాలి, సీటు కింద దాచుకుంటే లాభం లేదు.

ఎక్కడ ఆగకూడదో కూడా చెప్పాలి. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంట్లు (జనాన్ని ఏరు దాటించే పడవలు) తిరిగే దారిలో, వేటపడవలు సముద్రానికి వెళ్ళే లోతు కాలువలో లంగరు వేయవద్దు. కొయ్యలకు కట్టిన వలల దగ్గర వేస్తే వలా పోతుంది, ఆ వల వేసినవాళ్ళ ఇంట్లో ఆ పూట కూడూ పోతుంది. గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది అన్నాచెల్లెళ్ళ గట్టు దాటి కిందికి ఈ పడవతో వెళ్ళవద్దు. మధ్యాహ్నం సముద్రపు గాలి పైకి తోస్తుంటే పాటు నీళ్ళు కిందికి లాగుతాయి, రెండూ ఎదురై అక్కడ లేచే అలలకు మూడు మీటర్ల పడవ ఆగదు, ఏ లంగరూ ఆపదు. వానాకాలంలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వరద వదిలినప్పుడు పడవ ఇంట్లోనే ఉండాలి. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కుల దగ్గర. మీ లాంటి పడవకు అంతకంటే చాలా ముందే నది ప్రమాదంగా మారుతుంది. మొద్దులు, గుర్రపుడెక్క గుట్టలుగా కొట్టుకొచ్చి తాడు మీద పేరుకుంటాయి. హెచ్చరిక కోసం ఎదురుచూడకండి.

పాత మడత లంగరును పారేయకండి. గట్టు రాళ్ళ పక్కనో, మడచెట్ల దగ్గరో ఆగినప్పుడు అదే పనికొస్తుంది. వేసే ముందు దాని తల దగ్గర, కొమ్ములు కలిసే చోట, ఇంకో సన్న తాడు కట్టి చివర ఖాళీ వాటర్ బాటిల్ తగిలించండి. రాళ్ళలో ఇరుక్కుంటే ఆ బాటిల్ తాడు పట్టి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. లోతులేని పాయల్లో, మీటరు నీళ్ళున్న చోట అసలు లంగరే అక్కర్లేదు. కొల్లేటి దోనెల వాళ్ళలాగా వెదురు గెడ బురదలోకి దింపి, ముందు కొసను దానికి కట్టుకుంటే చాలు.

ట్యూబుల విషయానికి వస్తే, బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి ముందు భాగంలో పెట్టండి. అడుగున గొలుసు, దాని మీద తాడు చుట్టలు, పైన గోనెసంచిలో లంగరు. తాడు వెళ్ళే చోట ట్యూబు మీద పాత కారు మ్యాట్ ముక్క పరిచి కట్టండి, ఎత్తేటప్పుడు గొలుసు దాని మీదే రాసుకుంటుంది. లంగరును ట్యూబుకు ఆనించి ఈడవకుండా, నీళ్ళలోనే రెండుసార్లు ఆడించి బురద వదిలాక ఎత్తి నేరుగా సంచిలో దించండి. ఇంటికి రాగానే లంగరు, గొలుసు, తాడు మంచినీళ్ళతో కడిగి విడిగా నీడలో ఆరేయండి. తడి గొలుసును పడవలో పెట్టి చుట్టేస్తే తుప్పు మరకలు పీవీసీకి పడతాయి, మడతల్లో ఇసుక ఉండిపోతే తర్వాతిసారి గాలి నింపినప్పుడు అది లోపలి నుంచి అరగదీస్తుంది. మడతపెట్టే ముందు నేల అతుకుల వెంట ఒకసారి బట్టతో తుడవండి.